మంచు దేశపు ఉప్పు, మన తీరపు ఉప్పు
పాత వాహనాల చట్రానికి తుప్పు నుండి రక్షణ

ప్రవాస జీవితంలో వాహనం విలాస వస్తువు కాదు. పిల్లల బడి, పెద్దల ఉద్యోగం, ఆసుపత్రి, పండుగనాటి తెలుగువారి సమావేశం, అన్నీ దానిమీదనే ఆధారపడి ఉంటాయి. కొత్తగా వచ్చిన కుటుంబం మొదట కొనేది సాధారణంగా మరొకరు కొన్నేళ్లు వాడిన బండినే. కొనేటప్పుడు ఇంజను చప్పుడు వింటాం. ఏసీ చల్లదనం చూస్తాం. రంగు నిగనిగను చూసి ముచ్చటపడతాం. వీటన్నిటినీ, వీటితోపాటు మన కుటుంబాన్నీ మోస్తున్న ఇనుప చట్రాన్ని మాత్రం వంగి చూడము.

కెనడాలోనూ, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోనూ స్థిరపడిన మన బంధువులు తరచుగా ఒక మాట అంటూ ఉంటారు: ‘ఇక్కడి మంచు బండ్లను తినేస్తుంది’ అని. అది విని, బహ్రెయిన్‌లో మంచు లేదు గనుక మనకా బాధ లేదని మనం నిశ్చింతగా ఉంటాం. శాస్త్రదృష్టితో చూస్తే ఈ రెండు అభిప్రాయాలూ సరైనవి కావు. ఇనుమును తినేది మంచు కాదు, మంచును కరిగించడానికి రహదారులపై చల్లే ఉప్పు. అక్కడ ప్రభుత్వాలు డబ్బు ఖర్చుపెట్టి చల్లే ఆ ఉప్పును ఇక్కడ మనకు సముద్రం ఉచితంగా చల్లుతున్నది. శత్రువు ఒక్కడే గనుక రక్షణోపాయమూ చాలావరకు ఒక్కటే. ఆ శత్రువు స్వభావాన్నీ, అతణ్ణి ఎదుర్కొనే పద్ధతినీ ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

తుప్పు అనగా ఏమి?

ఇనుము భూమిలో లోహంగా దొరకడం చాలా అరుదు. ఆక్సిజనుతో కలిసి ముడి ఖనిజంగా దొరుకుతుంది. కొలిమిలో ఎంతో శక్తిని వెచ్చించి ఆక్సిజనును వేరుచేస్తేనే ఉక్కు లభిస్తుంది. అవకాశం చిక్కగానే అది మళ్లీ తన పూర్వస్థితికి చేరుకోవాలని చూస్తుంది. ఆ తిరుగు ప్రయాణమే తుప్పు.

ఈ ప్రయాణానికి మూడు కావాలి: ఇనుము, ఆక్సిజను, నీరు. తడిసిన ఉక్కు ఉపరితలం మీద ఒకచోట ఇనుప పరమాణువులు ఎలక్ట్రానులను వదిలి నీటిలో కరుగుతాయి. ఆ ఎలక్ట్రానులు లోహం గుండా ప్రవహించి మరొకచోటికి చేరి, అక్కడ ఆక్సిజనుతోనూ నీటితోనూ కలిసి చర్య జరుపుతాయి. కరిగిన ఇనుము చివరకు గోధుమవర్ణపు తుప్పుగా పేరుకుంటుంది. అంటే తడిసిన ఇనుప ముక్క ఒక చిన్న బ్యాటరీ వంటిది. బ్యాటరీ పనిచేయాలంటే వలయం పూర్తి కావాలి కదా. లోహంలో ఎలక్ట్రానులు ప్రవహిస్తే, పైనున్న నీటిపొరలో విద్యుదావేశం గల అయానులు ప్రవహించాలి. స్వచ్ఛమైన నీరు ఈ పనిని మందకొడిగా చేస్తుంది. ఉప్పునీరు అత్యంత చురుకుగా చేస్తుంది.

తుప్పు అది పుట్టిన ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ స్థలాన్ని ఆక్రమిస్తుంది. అందుకే రంగు కింద చేరిన తుప్పు ఉబ్బి, రంగును పొక్కులుగా లేపుతుంది. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు పొర గట్టిగా అంటుకొని లోహాన్ని కాపాడుతుంది. ఇనుపతుప్పు అలా కాదు. అది గుల్లగా, పెచ్చులుగా ఉండి, కింది ఇనుమును మళ్లీ గాలికీ తేమకూ అప్పగిస్తుంది.

ఉప్పు చేసే మూడు కీడులు

ఉప్పు నీటిని మంచి విద్యుద్వాహకంగా మారుస్తుందని చూశాం. ఇది మొదటి కీడు. ఉప్పులోని క్లోరైడు అయాను ఉక్కు మీది సన్నని రక్షక పొరలను ఛేదించి, గుంటలుగా లోపలికి తొలుచుకొనిపోవడానికి తోడ్పడుతుంది. ఇది రెండవది. పైకి చిన్న చుక్కలా కనిపించినా లోపల లోతైన గుంట ఉండవచ్చు.

మూడవ కీడును మన వంటింట్లోనే చూడవచ్చు. వానాకాలంలో ఉప్పు జాడీ చెమ్మగిల్లుతుంది. ఎవరూ నీరు పోయకుండానే ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే సోడియం క్లోరైడు తనంతట తానే కరిగి ద్రావణమవుతుంది. మెగ్నీషియం క్లోరైడుకు సుమారు 33 శాతమే చాలు. శుభ్రమైన ఇనుము 60 శాతంలోపు ఆర్ద్రతలో చాలా నెమ్మదిగా తుప్పు పడుతుంది. ఉప్పు అంటిన ఇనుము మాత్రం పైకి పొడిగా కనిపిస్తూనే తడిసి ఉంటుంది. అంతేకాక క్లోరైడు ఈ చర్యలో చాలావరకు ఖర్చు కాదు. కొంత ఇనుమును కరిగించి మళ్లీ అదే పనికి పూనుకుంటుంది. కాబట్టి ఒకసారి చేరిన ఉప్పు, కడిగి తొలగించేవరకూ తన పని తాను చేస్తూనే ఉంటుంది.

మరొక విశేషం కూడా గమనించదగినది. కేంబ్రిడ్జి శాస్త్రవేత్త యు.ఆర్. ఎవాన్స్ 1920వ దశకంలో ఇనుప రేకుపై ఉప్పునీటి బొట్టును ఉంచి పరిశీలించాడు. బొట్టు అంచులకు గాలి బాగా తగులుతుంది, మధ్యభాగానికి తక్కువగా అందుతుంది. గాలి ఎక్కువగా తగిలే అంచే ముందుగా చెడుతుందని ఎవరైనా అనుకుంటారు. కాని కరిగినది గాలి అందని మధ్యభాగం! మన బండి కింద అంటుకున్న బురదముద్ద, రెండు రేకుల మధ్య ఇరుకు సందు, వదులైన పూత, ఇవన్నీ ఆ బొట్టు మధ్యభాగం వంటివే. తుప్పు గాలి ఆడే చోట కంటే దాగిన చోటనే లోతుగా తొలుస్తుందనడానికి మూలకారణం ఇదే.

మంచు దేశాల అనుభవం

నీటిలో ఉప్పు కలిస్తే అది సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకట్టదు. తగిన పాళ్లలో కలిస్తే సుమారు మైనస్ 21 డిగ్రీల వరకూ ద్రవంగానే ఉంటుంది. ఈ గుణాన్ని ఆధారం చేసుకొనే మంచుపడే దేశాలలో రహదారులపై ఉప్పు చల్లుతారు. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం 1940వ దశకపు ఆరంభానికే దీనిని సాధారణ పద్ధతిగా స్వీకరించింది. ఆ దేశంలో నేడు ఏటా దాదాపు రెండు కోట్ల టన్నుల ఉప్పు రహదారులపై పడుతున్నది. మరింత చలిలో పనిచేసేందుకు కాల్షియం, మెగ్నీషియం క్లోరైడులను కూడా వాడతారు. తక్కువ ఆర్ద్రతలోనే తేమను పీల్చే గుణం వీటిది గనుక బండి మరింత ఎక్కువసేపు తడిగా ఉంటుంది.

దీని ఫలితం ఎంతవరకు వెళ్లగలదో టయోటా టకోమా పికప్‌ల ఉదంతం తెలుపుతుంది. 1995 నుండి 2000 వరకు వచ్చిన నమూనాల చట్రాలు తుప్పుతో చిల్లులు పడుతున్నట్లు తేలడంతో, 2008లో ఆ సంస్థ చట్రం తుప్పుకు వారంటీని 15 ఏళ్లకు పొడిగించింది. బాగా దెబ్బతిన్న బండ్లను వెనక్కు కొన్నది. తరువాతి సంవత్సరాల పికప్‌లతోపాటు మరికొన్ని వాహనాల విషయమై నడిచిన సామూహిక వ్యాజ్యంలో 2016లో రాజీ కుదిరింది. సుమారు 15 లక్షల వాహనాలకు వర్తించే ఆ రాజీ విలువ 340 కోట్ల డాలర్ల వరకు ఉండవచ్చని నాడు అంచనా వేశారు. ఇంజను దీర్ఘాయువుకు పేరుమోసిన బండి కూడా చట్రం వద్ద ఓడిపోగలదని దీని సారాంశం.

ప్రాణాలకు నేరుగా ముడిపడినది మరొకటి ఉన్నది. బండి అడుగున పోయే బ్రేకు గొట్టాలు సన్నని ఉక్కుతో చేసినవి. అవి తుప్పుపట్టి పగిలితే బ్రేకు పట్టు కోల్పోతుంది. ఉప్పు చల్లే రాష్ట్రాలలో పాత వాహనాల యజమానులు ఈ గొట్టాలను పరీక్ష చేయించుకోవాలనీ, బండి అడుగుభాగాన్ని తరచు కడగాలనీ అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ 2015లో ప్రత్యేకంగా హెచ్చరించింది.

అక్కడివారు తెలుసుకోవలసిన వింత ఒకటి ఉన్నది. ఉప్పు బురద అంటిన బండిని వెచ్చని గ్యారేజీలో నిలిపితే దానికి మేలు చేశామనుకుంటాం. కాని రసాయన చర్యలు చలిలో మందగిస్తాయి, వెచ్చదనంలో వేగం పుంజుకుంటాయి. గడ్డకట్టిన చలిలో ఆరుబయట నిలిచిన బండి కంటే, కడగకుండా వెచ్చని గ్యారేజీలో కరుగుతూ నిలిచిన బండి త్వరగా తుప్పుపడుతుంది.

నయీమ్ నుండి చూస్తే

ఇక మన ద్వీపానికి వద్దాం. వెచ్చదనం తుప్పుకు మిత్రుడైతే, ఏడాదిలో అత్యధిక భాగం వెచ్చగా ఉండే బహ్రెయిన్‌లో దానికి కొరత లేదు. సాధారణ సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉండగా, మన చుట్టూ ఉన్న నీటిలో అవి 40 గ్రాములకు మించి ఉంటాయి. వేసవి రాత్రులలో ఆర్ద్రత తరచు 75 శాతం దాటుతుంది. తెల్లవారుజామున బండి అద్దాలపై నీరు కారుతూ ఉండడం మనందరం చూసేదే. అదే చెమ్మ బండి అడుగున ఉన్న ఉప్పు పొరలోనూ చేరుతుంది. పగటి ఎండకు ఆరుతుంది, రాత్రికి మళ్లీ తడుస్తుంది.

విశాఖ సముద్రతీరపు వీధులలో కిటికీ చువ్వలు ఎంత త్వరగా గుల్లబారుతాయో అక్కడ నివసించినవారికి తెలుసు. అయితే విశాఖలో ఏటా సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడి ఉప్పును కొంతవరకైనా కడుగుతుంది. బహ్రెయిన్‌లో ఏడాది మొత్తానికి నూరు మిల్లీమీటర్లు కూడా దుర్లభం. ఇక్కడ చేరిన ఉప్పును వాన కడగదు, మనమే కడగాలి. 1986 నవంబరులో ప్రారంభమైన 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ సేతువు మీదుగా సౌదీకి తరచు వెళ్లే బండ్లకూ, శీతకాలపు విడిదికి ఎడారికి వెళ్లి ఉప్పుపర్ర నేలల్లో తిరిగే బండ్లకూ ఈ అవసరం మరింత ఎక్కువ.

నేడు మనామా నగరంలో కలిసిపోయిన నయీమ్ ఒకప్పుడు సముద్రపుటొడ్డున పడవలు కట్టేవారికి పేరుగన్న పేట. గల్ఫ్ తీరపు పడవల పనివారు పలకలను పొడవాటి ఇనుపమేకులతో బిగించేవారు. మేకు తల కింద నూనెలో నానబెట్టిన నారను చుట్టి మరీ కొట్టేవారు. పడవ పై భాగానికి చేపనూనె పూసేవారు. ఇనుమును మింగే ఉప్పునీటి నడుమ, ఇనుముకూ నీటికీ మధ్య నూనె పొరను నిలపడమే వారి ఉపాయం. మన ఇళ్లలోనూ ఇదే విద్య మరో రూపంలో ఉన్నది. ఇనుప అట్లపెనాన్ని కడిగి, పొయ్యిమీద తడి ఆరేలా వేడిచేసి, నూనెచుక్క రాసి పెట్టడం మన అమ్మమ్మలకు అలవాటు. కడుగు, ఆరబెట్టు, నూనె పూయి. వాహన చట్రానికి కావలసిన చికిత్స అంతా ఈ మూడు మాటలలోనే, ఈ వరుసలోనే ఉన్నది.

చట్రం, అందులో తుప్పు దాగే చోట్లు

పికప్‌లలోనూ, పెద్ద ఫోర్‌వీల్ బండ్లలో అనేకంలోనూ నిచ్చెన ఆకారంలో వేరుగా ఒక చట్రం ఉంటుంది. రెండు పొడవాటి దూలాలు, వాటిని కలిపే అడ్డకమ్ములు దాని భాగాలు. చిన్న కార్లలో వేరు చట్రం ఉండదు. అడుగురేకులు, పెట్టెల వంటి బోలు దూలాలు కలిసి శరీరమే చట్రంగా పనిచేస్తుంది. రెండింటిలోనూ ప్రమాదం బోలు భాగాలలోనే. నీరు పోవడానికి ఉంచిన చిన్న రంధ్రాలు ఇసుకతో, బురదతో మూసుకుపోతే ఉప్పునీరు లోపలనే నిలిచిపోతుంది. అప్పుడు తుప్పు లోపలినుండి బయటకు వస్తుంది. బయట పొక్కు కనబడేనాటికి లోపల రేకు సగం పోయి ఉండవచ్చు.

ప్రత్యేకించి చూడవలసిన చోట్లు ఇవి: వెనుక చక్రాల దగ్గర చట్రం వంపు తిరిగే భాగం; స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు చట్రానికి బిగించిన చోట్లు; ఇంధనపు టాంకు పైభాగం, దానిని పట్టి ఉంచే పట్టీలు; అడ్డకమ్ముల అతుకులు; తలుపుల కింది బోలు అంచులు; బ్రేకు గొట్టాలు క్లిప్పులలో ఇమిడిన చోట్లు.

పరీక్షించే విధానం

ముందుగా ఒక హెచ్చరిక. జాకీ ఒక్కదాని మీద నిలిపిన బండి కిందికి ఎన్నడూ దూరకూడదు. సమతలంపై గట్టి స్టాండ్ల మీద నిలపాలి, లేదా వర్క్‌షాపులో లిఫ్టు మీద ఎక్కించి చూపించమని అడగాలి. టార్చిలైటుతో పైన చెప్పిన చోట్లన్నీ చూడాలి. చిన్న సుత్తితో చట్రం పొడవునా తేలికగా తట్టాలి. గట్టి ఉక్కు ఖంగుమని పలుకుతుంది. గుల్లబారిన చోట మొద్దు శబ్దం వస్తుంది, పెచ్చులు రాలుతాయి.

కనిపించిన తుప్పును మూడు దశలుగా గుర్తించవచ్చు. వేలితో రుద్దితే పొడిలా వచ్చేది మొదటి దశ. దీనికి భయపడనక్కరలేదు, వెంటనే పూత చాలు. పొరలుపొరలుగా పెచ్చులూడేది రెండవ దశ. పెచ్చులు తొలగించి, మిగిలిన లోహపు మందాన్ని నిపుణుడు చూడాలి. పదునైన ఇనుపముల్లు గుచ్చితే దిగిపోయేది మూడవ దశ. ఇక్కడ పూత పనికిరాదు. కుళ్లిన భాగాన్ని కోసి కొత్త ఉక్కు అతికించగల అనుభవజ్ఞుడైన వెల్డరు కావాలి, లేదా ఆ బండికి స్వస్తి చెప్పాలి. స్టీరింగు, సస్పెన్షను బిగించిన చోట మూడవ దశ కనిపిస్తే అది మరమ్మతయ్యేవరకూ ఆ బండిలో కుటుంబాన్ని ఎక్కించకూడదు.

రక్షణ క్రమం

ఒకటి, కడగడం. పైపైన తుడవడం కాదు, అడుగుభాగం మొత్తం ధారాళంగా మంచినీటితో కడగాలి. చట్రం రంధ్రాలలోకి గొట్టం పెట్టి, వచ్చే నీరు తేటపడేవరకూ వదలాలి. ఉప్పు కరగడానికి నీటి వేగం కంటే నీటి పరిమాణం ముఖ్యం. ఉప్పగా ఉండే బావినీరు దీనికి పనికిరాదు. మంచు దేశాలవారు చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా దాటిన రోజున కడిగించుకోవాలి, చలికాలం ముగిశాక మరొకసారి క్షుణ్ణంగా కడగాలి. మనం సేతువు ప్రయాణాలు, తీరవిహారాలు, ఎడారి విడుదులు ముగిసిన వెంటనే కడగాలి, వేసవిలో నెలకొకసారైనా కడగాలి.

రెండు, ఆరబెట్టడం. నీరు పోయే రంధ్రాలను సన్నని తీగతో శుభ్రపరచి, బండిని గాలి ఆడేచోట ఒకటి రెండు రోజులు ఎండలో నిలపాలి. తడిమీద పూసిన పూత తడిని లోపల బంధిస్తుంది.

మూడు, గుల్లను తొలగించడం. కళ్లజోడు, ముఖానికి మాస్కు ధరించి వైరు బ్రష్షుతో వదులుగా ఉన్న తుప్పంతా రాల్చాలి. గట్టిగా అంటుకొని మిగిలిన పలుచని తుప్పుకు టానిక్ ఆమ్లం లేదా ఫాస్ఫారిక్ ఆమ్లం గల తుప్పు మార్పిడి ద్రవాలు దొరుకుతాయి. వీటిలో మొదటిది మనకు కొత్తది కాదు. పూర్వం కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి నల్లని సిరా తయారుచేసేవారు. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి నల్లని స్థిరపదార్థంగా మారుతుంది. తుప్పు మీద టానిక్ ఆమ్లం చేసే పని కూడా అటువంటిదే. రెండవది ఇనుమును ఫాస్ఫేటు పొరగా మారుస్తుంది. సుమారు 1600 ఏళ్లుగా నిలిచిన ఢిల్లీ ఇనుపస్తంభాన్ని కాపాడుతున్నది దాని ఇనుములోని అధిక భాస్వరం వల్ల ఏర్పడిన ఫాస్ఫేటు పొరయేనని కాన్పూర్ ఐఐటీకి చెందిన ఆచార్య ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించారు. తుప్పు పూర్తిగా తొలగి ఉక్కు మెరిసే చోట జింకు అధికంగా గల ప్రైమరు వేయవచ్చు. జింకు తాను ముందుగా కరిగి ఇనుమును కాపాడుతుంది. తుప్పు మీద వేస్తే మాత్రం అది ఇనుమును తాకలేదు గనుక ఆ గుణం వృథా అవుతుంది.

నాలుగు, నూనె పొర. రబ్బరు, తారు వంటి గట్టి పూతలు కొత్త బండికి మంచివే. పాత చట్రానికి అవి రెండువైపులా పదునైన కత్తి. చిన్న పగులు ద్వారా చేరిన ఉప్పునీరు పూత కిందనే చిక్కుకొని, ఎవాన్స్ బొట్టులో మధ్యభాగంలా పనిచేస్తుంది; పైకేమో నల్లగా అందంగా కనిపిస్తుంది. పాత వాహనానికి మైనం, నూనె, గొర్రె ఉన్నినుండి తీసే లానోలిన్ వంటి మెత్తని పూతలు మేలు. ఇవి సందులలోకి పాకుతాయి, గీత పడినా కొంతవరకు తామే పూడుకుంటాయి. బోలు దూలాలలోకి పొడవాటి గొట్టం, అన్నివైపులా చిమ్మే నాజిలు ద్వారా వీటిని పంపాలి. ఇవి అరిగిపోతాయి కనుక ఏడాదికొకసారి మళ్లీ పూయాలి. బ్రేకు డిస్కులు, బ్రేకు ప్యాడ్లు, వేడెక్కే పొగగొట్టం, నీరుపోయే రంధ్రాలు, వీటికి మాత్రం పూత తగలకుండా జాగ్రత్తపడాలి. ఎడారి దుమ్ము మెత్తని పూతకు అంటుతుంది గనుక మరుసటి ఏడు పూసేముందు మళ్లీ కడగడం తప్పనిసరి.

కొన్ని అపోహలు

బ్యాటరీకి తగిలిస్తే బండి మొత్తం తుప్పు పట్టదని చెప్పి కొన్ని ఎలక్ట్రానిక్ పరికరాలను అమ్ముతుంటారు. విద్యుత్తుతో ఇనుమును కాపాడడం అసత్యం కాదు. ఓడ అడుగున జింకు దిమ్మెలు బిగించడం, భూమిలోని గొట్టాలకు విద్యుత్తు పంపడం స్థిరపడిన పద్ధతులే. 1824లోనే హంఫ్రీ డేవీ ఓడల రాగి తొడుగులపై ఈ సూత్రాన్ని నిరూపించాడు. కాని అక్కడ ఓడ నీటిలో మునిగి ఉంటుంది, గొట్టం తడినేలలో ఉంటుంది. విద్యుద్వలయం పూర్తికావడానికి తెగని మాధ్యమం ఉన్నది. గాలిలో తిరిగే బండికి అటువంటి మాధ్యమం లేదు. కాబట్టి ఆ పరికరాలపై డబ్బు ఖర్చు చేయడం కంటే ఆ సొమ్ముతో అడుగుభాగం కడిగించుకోవడం ఉత్తమం.

చిల్లులను లప్పంతో పూడ్చి రంగువేయడం మరొక ప్రమాదం. లప్పం రూపాన్ని ఇస్తుందే గాని బరువు మోయదు. పాత బండిని కొనేటప్పుడు చట్రంపై కొత్తగా, మందంగా వేసిన నల్లరంగు కనిపిస్తే సంతోషించక, అనుమానించాలి. ఇంజను గురించి పది ప్రశ్నలు అడిగే మనం, ఆ బండి ఏ ఊళ్లో, సముద్రానికి ఎంత దూరంలో, ఆరుబయట నిలిచిందా అని కూడా అడగాలి. మంచు ప్రాంతంనుండి దిగుమతైన బండి అయితే అక్కడ ఎన్ని చలికాలాలు తిరిగిందో తెలుసుకోవాలి.

ఉపసంహారం

ఉక్కు ఒక్కరోజులో మోసం చేయదు. ఎన్నో సంవత్సరాలు తన బలహీనతను పెచ్చులుగా, మరకలుగా, మొద్దు శబ్దంగా తెలుపుతూనే ఉంటుంది. వంగి చూసేవారికే ఆ భాష తెలుస్తుంది. ఇంజను చెడితే బండి ఆగుతుంది, మనం దారిలో నిలబడతాం. చట్రమో బ్రేకు గొట్టమో చెడితే బండి ఆగవలసిన చోట ఆగదు. ఈ తేడాను గుర్తుంచుకొంటే ఏడాదికి ఒక సెలవురోజును ఈ పనికి కేటాయించడం భారంగా తోచదు.

మంచు దేశాలలో ఉన్న మన సోదరులకు చలికాలం ముగిసే వేళ, గల్ఫ్‌లో ఉన్న మనకు వేసవి చెమ్మ మొదలయ్యే ముందు, ఇది ఏటేటా జరగవలసిన పని. విజయదశమినాడు వాహనానికి పసుపు కుంకుమలు అద్ది, నిమ్మకాయలు తొక్కించే ఆచారం మనకున్నది. ఆ పూజకు ముందురోజున బండి అడుగుభాగాన్ని కూడా కడిగి, ఆరబెట్టి, నూనె పొర పూయించగలిగితే ఆ ఆచారానికి శాస్త్రం తోడైనట్లవుతుంది.